గండికోటలో పరుగెత్తబోయే అల్లుడికి

జమ్మలమడుగు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

వచ్చే నెల గండికోటలో కొండదారుల్లో పరుగెత్తడానికి వస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. బెంగళూరు పార్కులో రోజూ పరుగెత్తే కాళ్లే అయినా ఇక్కడి రాయి వేరు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు కొండయితే ముందు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. గండికోటలో లెక్క తిరగబడుతుంది. కోట పైన ఉంటుంది, పెన్న సుమారు 300 అడుగుల లోతున ఉంటుంది. చల్లటి పూట హాయిగా దిగిపోతాం. కాళ్లు బరువెక్కాక, ఎండ ముదిరాక ఎక్కాలి. ఈ ఒక్క సంగతి తెలియకే నేను దెబ్బతిన్నాను.

అప్పుడు నాకు నీ వయసే. మార్చి నెల. ఏడింటికి ఒక్క బాటిల్‌తో పెన్న ఒడ్డుకు దిగి, నీళ్లు చూస్తూ కూర్చుండిపోయాను. తిరిగి ఎక్కడం మొదలుపెట్టేసరికి పది దాటింది. సగం దారిలో నీళ్లు అయిపోయాయి. పట్టు కోసం బండమీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. పిక్కలు పట్టేసి కదల్లేకపోయాను. గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన తన సొరబుర్రలోని ఉప్పు మజ్జిగ తాగించి, భుజం పట్టుకుని పైకి తెచ్చాడు. ఆయన ఆ దారిన రాకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

కాబట్టి నువ్వు కిలోమీటర్లు లెక్కపెట్టవద్దు, గడియారం చూడు. వెలుతురు రాగానే బయలుదేరి, తొమ్మిదికల్లా పైన ఉండాలి. ఒడ్డు ఇంకా పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, టైమ్ అయితే వెనక్కి తిరుగు. నీళ్లలో సగానికి పైగా ఎక్కడానికే దాచుకో. మధ్యలో ఒకసారి ఆగి అరచేతి వెనకవైపు బండకు ఆనించు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఉంచలేకపోతే నీడ చూసుకుని ఆగిపో, పరుగు మానేసి నెమ్మదిగా నడిచి రా.

దిగేటప్పుడు పెద్ద అంగలు వద్దు. మోకాళ్లు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు వెయ్యి. చూపు కాళ్ల దగ్గర కాదు, మూడు అడుగుల ముందు ఉండాలి. బండ కదులుతుందేమో అని అనుమానం వస్తే కాలితో తట్టి చూశాకే బరువు వెయ్యి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు. వాన పడి ఉంటే కిందికి దిగనే వద్దు. పైన జామా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి చుట్టూ పరుగెత్తినా తనివి తీరుతుంది. ఆ గోడల మీద పొద్దుటి వెలుతురు పడుతుంటే చూడాలి, రాయి ఎర్రగా మండుతున్నట్టు ఉంటుంది.

లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. ఫొటో కోసం వెనక్కి అడుగు వెయ్యవద్దు. కింద నిలిచేవి మైలవరం జలాశయం నీళ్లు, లోతు తెలియదు, ఈతకు దిగవద్దు. పొదల్లో, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టవద్దు. రక్తపింజర ఉండొచ్చు. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం లాంటివి చెయ్యకుండా, కదలకుండా కూర్చుని 108కి ఫోన్ చెయ్యి. కోటకు ఒంటరిగా మాత్రం వెళ్లకు, నేనూ వస్తాను. పైన మసీదు దగ్గర కూర్చుంటాను.

శనివారం రాత్రికే ఇంటికి వచ్చేయ్. ఇక్కడి నుంచి కోటకు 15 కిలోమీటర్లే. ఉగ్గాని, బజ్జీ మీ అత్త తిరిగొచ్చాకే పెడుతుంది, ముందు రెండు అరటిపళ్లు చాలు. నాలుగున్నరకు లేపుతాను. రెండు బాటిళ్లు నింపి మంచం పక్కన పెట్టుకుని పడుకో.

ఇట్లు,
మీ మామ