బ్రెయిడ్ చుట్టే ముందు

చి. రవికి, పెదనాన్న ఆశీస్సులు.

చేపలు పట్టడానికి కొత్త రీల్ కొన్నావనీ, ఈసారి నైలాన్ దారం మానేసి బ్రెయిడ్, అదే సన్న పోగులు అల్లిన దారం, చుట్టబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమేసింది, వెంటనే గుబులూ పట్టుకుంది. సగం పని అయ్యాక గానీ కాగితం తిరగేసే రకం కాదు నువ్వు. దారం కట్ట విప్పకముందే ఈ ఉత్తరం చదువు నాన్నా.

రీల్‌లో దారం చుట్టుకునే చక్రమే స్పూల్, దాని అంచు మీద అంకెలు ఉంటాయి. 0.30/170 అని ఉంటే, 0.30 మి.మీ. మందం దారం 170 మీటర్లు పడుతుందని. దారం బలం పౌండ్లలో, పొడవు గజాల్లో ఉంటే మాత్రం జాగ్రత్త. బ్రెయిడ్ అని విడిగా రాయకపోతే ఆ పౌండ్లు నైలాన్‌వి. అంతే బలమున్న బ్రెయిడ్ చాలా సన్నగా ఉంటుంది కాబట్టి బలం వదిలేసి మందం చూడు. మందాన్ని మందంతో హెచ్చించి, పొడవుతో హెచ్చించు. 0.30 × 0.30 × 170 అంటే 15.3. ఆ స్పూల్‌లో ఉన్న చోటు అంతే. 0.20 బ్రెయిడ్ 150 మీటర్లకి 6 పోతుంది, 9.3 మిగులుతుంది. ఆ చోటుని బ్రెయిడ్ అడుగున 0.30 నైలాన్‌తో నింపాలంటే 9.3ని 0.09తో భాగించు, సుమారు 103 మీటర్లు. కానీ బ్రెయిడ్ పెట్టె మీద వేసే మందాన్ని పూర్తిగా నమ్మకు. చాలావాటికి అసలు మందం ఎక్కువే ఉంటుంది. 90 మీటర్ల దగ్గర ఆగు. తక్కువైతే మళ్ళీ కలపొచ్చు.

లెక్క మీద నమ్మకం లేకపోతే, అదే కొలత ఖాళీ స్పూల్ ఇంకొకటి ఉంటే దాని మీద ముందు బ్రెయిడ్ చుట్టు, దానిపైన నిండేదాకా నైలాన్ చుట్టు. ఇప్పుడు మొత్తం అసలు స్పూల్ మీదికి మార్చు. నైలాన్ అడుగుకి పోయి బ్రెయిడ్ పైకి వస్తుంది, కొలత సరిగ్గా కుదురుతుంది.

ఇక అసలు సంగతి. నైలాన్ అలవాటున్నవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఒకటుంది: బ్రెయిడ్‌ని ఖాళీ స్పూల్‌కే నేరుగా ముడివేసి చుట్టేయడం. నైలాన్ కాస్త సాగి స్పూల్‌ని కరుచుకుంటుంది. బ్రెయిడ్ పాలిథిలీన్ పోగులతో అల్లినది. సాగదు, పైగా నున్నన. నున్నటి లోహం మీద దానికి పట్టే దొరకదు. ముడి తెగదు, ఊడదు. చుట్టిన దారం మొత్తం ఒకే ఉండలా స్పూల్ మీద గిర్రున తిరుగుతుంది. చిన్న చేపలకి ఈ లోపం బయటపడదు. పెద్ద చేప లాగినప్పుడు దారం పోతూనే ఉంటుంది. స్పూల్‌కి బ్రేకులా పనిచేసే డ్రాగ్ బిగించినా పోతూనే ఉంటుంది. డ్రాగ్ పాడైందనుకుని ఇంకా బిగిస్తారు, ఇంటికెళ్ళి రీల్ విప్పి వాషర్లు మార్చేవాళ్ళూ ఉన్నారు. డ్రాగ్‌లో ఏమీ లేదు. స్పూల్ కదలకుండా ఉంది, దాని మీద దారం తిరుగుతోంది.

నా భయం చేప పోతుందని కాదు. ఆ కంగారులో మనిషి చెయ్యి చాచి దారాన్ని పట్టుకుంటాడు, లేదా స్పూల్ మీద బొటనవేలు నొక్కుతాడు. లోడు మీదున్న బ్రెయిడ్ చర్మాన్ని లోతుగా కోసేస్తుంది. ఎంత పెద్ద చేపైనా సరే, ఆ పని చేయకు. చేతికి చుట్టుకోవడం అసలే వద్దు. గాలం చిక్కుకుంటే దారాన్ని ఒక కర్రకి నాలుగు చుట్లు వేసి, రాడ్‌ని వదిలేసి కర్రతో లాగు.

జారుతోందో లేదో ఇంట్లోనే తేలుతుంది. స్పూల్ తిరగకుండా అంచు దగ్గర గట్టిగా పట్టుకుని, గుడ్డ చుట్టిన ఇంకో చేత్తో దారం లాగు. స్పూల్ కదలకుండా దారం వచ్చిందంటే జారుతున్నట్టే. జారకుండా చేయడం కష్టం కాదు. అడుగున ఆ నైలాన్ ఉంటే సరిపోతుంది, లెక్కలో చోటు మిగలకపోయినా కనీసం ఐదు మీటర్లు వెయ్యి. మధ్యలో రబ్బరు పట్టీ ఉండి, బ్రెయిడ్ నేరుగా కట్టొచ్చని రాసిన స్పూల్‌కి అది అక్కర్లేదు. కొందరు ముడి మీద కరెంటు టేపు ఒక చుట్టు వేస్తారు. పనిచేస్తుంది గానీ ఎండకి జిగురు కారుతుంది, నాకు నచ్చదు.

నైలాన్‌నీ బ్రెయిడ్‌నీ కలపడానికి డబుల్ యూని అనే ముడి వెయ్యి. బ్రెయిడ్ వైపు 8 చుట్లు, నైలాన్ వైపు 5. తడిపి బిగించు. ముడి ఎత్తుగా ఉబ్బితే విప్పి మళ్ళీ వెయ్యి, దాని మీద దారం సమంగా పరుచుకోదు.

చుట్టేటప్పుడు కట్టకి పెన్సిల్ గుచ్చి ఎవరిచేతనైనా పట్టించు, అది తిరుగుతూ దారం వదలాలి. కట్టని నేల మీద పడేసి అంచు మీదుగా లాగితే మెలి పడొచ్చు. రాడ్ మొదటి రింగ్‌కి ముందు దారాన్ని తడిగుడ్డతో గట్టిగా పట్టుకుని చుట్టు. వదులుగా చుడితే పై దారం కింది పొరల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది, తర్వాత విసిరినప్పుడు గాలిలోనే ఠక్కున ఆగి ముందున్న ఎర తెగి ఎగిరిపోతుంది. అయ్యాక బొటనవేలితో నొక్కి చూడు, గుంట పడకూడదు.

అంచుకి 2 మి.మీ. ఖాళీ ఉంచు. పూర్తిగా నింపితే చుట్లు గుంపుగా ఊడి గాలిలోనే చిక్కుపడతాయి, మరీ తక్కువైతే దూరం పోదు. విసిరాక బెయిల్‌ని, అంటే స్పూల్ ముందుండే తీగ కడ్డీని, చేత్తో మూసి, దారం ఒకసారి బిగలాగి అప్పుడు తిప్పడం మొదలుపెట్టు. ఆ వదులు చుట్టే తర్వాతి చిక్కు.

డ్రాగ్‌ని నీ దారం బలంలో నాలుగో వంతుకి పెట్టు, స్ప్రింగు త్రాసుతో లాగి కొలువు. ఆ బలం బ్రెయిడ్ ఒక్కదానిదే కాదు, దాని చివర ముందు కట్టే వేరే దారం ముక్క, లీడర్‌ది కూడా చూడు, రెండిట్లో తక్కువదే లెక్క. లీడర్ ఎందుకంటే బ్రెయిడ్ రాళ్ళకి ఒరుసుకుంటే తట్టుకోదు.

కోసిన ముక్కలు నీళ్ళలోనో గట్టునో పడేయకు. పిట్టల కాళ్ళకి చుట్టుకుంటాయి.

చుట్టడం అయ్యాక స్పూల్‌ని పక్కనుంచి, అంచు కనబడేలా ఫోటో తీసి పంపు. నీళ్ళ దగ్గరికి వెళ్ళేలోపు చూసి చెబుతాను.

మీ పెదనాన్న