డాక్టర్ సలహా: ప్యాకెట్ మీది ‘ఒక సర్వింగ్’ మన గుప్పిట్లో ఎంత?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది అనంతపురం. పద్నాలుగేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్లిలో ఉంటున్నాం. ఈమధ్య ఆఫీసు హెల్త్ చెకప్‌లో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని కొవ్వు) 240, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1, బీపీ 138/88 వచ్చాయి. ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగి 81కి చేరాను. అక్కడి డాక్టర్ చిరుతిళ్లు తగ్గించమన్నారు. నేను లేబుల్ చూసే తింటాను. సాయంత్రం టీతో రెండు గుప్పిళ్ల మిక్చర్, అంటే ఒక సర్వింగ్, అంతే. 30 గ్రాములు, 165 క్యాలరీలు అని ప్యాకెట్ మీదే ఉంది. నెల సరుకుల్లో 400 గ్రాముల ప్యాకెట్లు ఐదు తెస్తాం, మా ఆవిడ అప్పుడప్పుడు రుచి చూస్తుంది. 25వ తేదీకల్లా అయిపోతాయి. ఈ మాత్రం దానికే ఇలా అవుతుందా? ప్రతిసారీ తూకం వేయకుండా ఎంత తింటున్నామో తెలుసుకోవడం ఎలా? మా అమ్మ ఊరి నుంచి పంపే నిప్పట్ల (చెక్కల) డబ్బాకు లేబులే ఉండదు, దాన్ని ఏ లెక్కలో వేయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రోజుకు 30 గ్రాములైతే 25 రోజులకు 750 గ్రాములు. అంటే రెండు ప్యాకెట్లు కూడా పూర్తిగా ఖాళీ కాకూడదు. మీరు తెచ్చేవి ఐదు, అంటే రెండు కిలోలు. మీ ఆవిడ పేరు మీద అర కిలో రాసేద్దాం (ఆవిడ ఒప్పుకుంటారో లేదో మీరే కనుక్కోండి). మిగిలిన కిలోన్నర మీదే. పాతికతో భాగిస్తే రోజుకు 60 గ్రాములు. మీరు ఒకటి అనుకున్న సర్వింగ్ నిజానికి రెండు.

మీరు అబద్ధం చెప్పారని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాట అంటారు, మనస్ఫూర్తిగా నమ్మే అంటారు. చేతిని కొలపాత్ర అనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

ముందు ‘సర్వింగ్’ అనే మాట సంగతి చూద్దాం. మన దేశంలో ప్యాకెట్ ఆహారాల లేబుళ్లకు కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం పోషకాల వివరాలు 100 గ్రాములకు ఎంతో చెప్పాలి. ఒక సర్వింగ్ రోజువారీ అవసరంలో ఎంత శాతమో కూడా చూపించాలి. ఆ శాతాన్ని సగటు మనిషికి రోజుకు 2000 క్యాలరీలు, 67 గ్రాముల కొవ్వు, 2000 మిల్లీగ్రాముల సోడియం అన్న లెక్క మీద కడతారు. సర్వింగ్ ఎన్ని గ్రాములన్నది మాత్రం సాధారణంగా తయారీదారే పెట్టుకుంటాడు. ఆ అంకె వైద్య సలహా కాదు, ‘ఇంత తింటే మంచిది’ అని ఎవరూ మీకు హామీ ఇవ్వడం లేదు. అమెరికాలో చిప్స్ లాంటి వాటికి 30 గ్రాములు అని ప్రభుత్వమే ఒక ప్రమాణం పెట్టింది. అక్కడి చట్టం కూడా దాన్ని ‘జనం మామూలుగా తినేంత’ అనే అంటుంది, ‘తినాల్సినంత’ అనదు.

అందుకే సర్వింగ్ గడి వదిలేసి, 100 గ్రాముల గడి చూడమని చెబుతుంటాను. మీ మిక్చర్ 30 గ్రాములకు 165 క్యాలరీలంటే వందకు 550. నూనెలో వేగిన కారాలు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. వందలో కొవ్వు 35 గ్రాములు, సోడియం 800 మిల్లీగ్రాములు అనుకుందాం, మీ ప్యాకెట్ మీది అంకెలు వేసుకుని సరిచూసుకోండి. మీరు తినే 60 గ్రాముల్లో 330 క్యాలరీలు, 21 గ్రాముల కొవ్వు. ఒక టీస్పూను నూనె నాలుగున్నర గ్రాములు తూగుతుంది కాబట్టి ఇది నాలుగున్నర స్పూన్ల పైమాటే. సోడియం 480 మిల్లీగ్రాములు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, 1.2 గ్రాములు. రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థా చెబుతున్నాయి. అందులో పావు వంతు టీ తాగే పది నిమిషాల్లోనే అయిపోతోంది. పప్పు, ఊరగాయ, పొడుల వంతు ఇంకా రానేలేదు.

ఇక కొలత సంగతి. మీ ఉత్తరం చదివాక ఆదివారం మా ఇంట్లో ఒక పని చేశాను. 150 మిల్లీలీటర్లు పట్టే స్టీలు కప్పు తీసుకుని, ఒక్కో తిండి అంచు దాకా పోసి వంటింటి తూకం మీద పెట్టాను. బొరుగులు 13 గ్రాములు. చిప్స్ 14. మిక్చర్ 58. బసవనగుడి అంగడి నుంచి తెచ్చిన కాంగ్రెస్ కడ్లేకాయి, అదే ఉప్పూకారం పట్టించిన వేరుశనగ బద్దలు, 88. కప్పు అదే, కంటికి అన్నీ సమానమే, తూకంలో మాత్రం దాదాపు ఏడు రెట్ల తేడా! తర్వాత గుప్పిళ్లు. మిక్చర్ నా గుప్పిట్లో 32 గ్రాములు, మా ఆవిడ గుప్పిట్లో 22, ఇంటర్ చదివే మా అబ్బాయి గుప్పిట్లో 41. ‘రెండు గుప్పిళ్లు’ అంటే మా ఇంట్లోనే 44 నుంచి 82 దాకా పోయింది. వాడు పెద్ద గుప్పిలి గెలిచిందన్నట్టు సంబరపడ్డాడు, అది వేరే కథ.

కాబట్టి ఒకరి గుప్పిలి లెక్క ఇంకొకరికి పనికిరాదు. మీ కప్పుకు మీ లెక్క కట్టుకోవాలి, అదీ ఒక్కసారే. తూకం కొననక్కర్లేదు. కొత్త 200 గ్రాముల ప్యాకెట్ విప్పి, మీరు రోజూ వాడే కప్పుతోనే ఒక్కో కప్పు నింపి పెద్ద గిన్నెలో పోస్తూ వెళ్లండి. మూడు కప్పులకు ప్యాకెట్ ఖాళీ అయితే కప్పుకు 67 గ్రాములు. అలాంటప్పుడు సగం కప్పు కంటే కాస్త తక్కువైతేనే 30 అవుతుంది. ఆ గీత ఎక్కడో కప్పు లోపల మార్కర్‌తో గీసుకోండి. నేను నిజంగానే గీశాను, తోమితే పోతుంది, మళ్లీ గీస్తాను.

ఇంకొక పని, ఇది ఇంకా సులువు. ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు ఇంకో తేదీ. మధ్యలో ఎన్ని రోజులు, తిన్నవాళ్లు ఎందరు, భాగించండి. మన జ్ఞాపకం మొహమాటపడుతుంది కానీ ఖాళీ ప్యాకెట్‌కు ఆ బాధ లేదు. గుర్తున్నంత చెప్పమంటే 30 అనేవాళ్లకు తేదీలు చూపిస్తే 60, 70 తేలడం నేను చాలాసార్లు చూశాను.

ఎక్కడ తింటున్నారన్నది మీరు రాయలేదు. ఇంట్లో కప్పులో పోసుకుంటే కొంత నయం. ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు వైపు క్యాబ్ నిలబడిపోయినప్పుడు ఒళ్లో ప్యాకెట్, చేతిలో ఫోన్ ఉంటే మాత్రం ఏ లెక్కా పనిచేయదు. వేళ్లు అడుగున నలిగిన కారప్పూసకు తగిలేదాకా చెయ్యి ఆగదు. అమెరికాలో పోషకాహార పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం 2004లో ప్రచురించిన ఒక పరీక్ష ఉంది. 28 గ్రాముల నుంచి 170 గ్రాముల దాకా రకరకాల సైజుల్లో చిప్స్ ప్యాకెట్లు వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారు. ప్యాకెట్ పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ తిన్నారు, రాత్రి భోజనంలో ఆ మేరకు తగ్గించుకోలేదు. ‘సాయంత్రం తిన్నా రాత్రి ఒక చపాతీ తగ్గిస్తాలే’ అనే మన ధీమా ఎంతవరకు నిలుస్తుందో దీన్నిబట్టే ఊహించుకోండి.

బిస్కెట్లకు ఇంత శ్రమ లేదు. నికర బరువును లోపలి బిస్కెట్ల సంఖ్యతో భాగిస్తే సరి. చిన్న చిప్స్ ప్యాకెట్ అయితే సర్వింగ్ ఎంతని రాసున్నా మొత్తం ప్యాకెట్టే ఒక సర్వింగ్ అనుకోండి, సగం తిని మడిచి పెట్టినవాళ్లను నేను చూడలేదు. లోపల గాలి ఎక్కువ కాబట్టి సైజు చూడొద్దు, గ్రాములు చూడండి. ‘బేక్డ్’, ‘మల్టీగ్రెయిన్’ అని రాసి ఉంటే వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. బరువు ప్రకారం ఏది ఎక్కువో అది ముందు ఉంటుంది. మొదటి పేరు మైదా అయితే ముందు వైపు బొమ్మలో గోధుమ కంకి ఉన్నా ఒకటే. నూనె తగ్గినా ఉప్పు తగ్గిందో లేదో చూడాలి.

కాండిమెంట్స్ అంగళ్లలో విడిగా కొనే కోడుబళె, చక్కిలి, ఖారా బూందీలకు లేబుల్ ఉండదు. కానీ అక్కడ తక్కెడ ఉంటుంది. పావు కిలో అడిగే బదులు వంద గ్రాములు అడిగి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోండి. వందకు 500 నుంచి 550 క్యాలరీలు వేసుకుంటే పెద్దగా తప్పదు.

ఇప్పుడు మీ రిపోర్టులు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటాం, మీరు అందులో ఉన్నారు. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి. అవి పెరగడానికి నూనె ఒక్కటే కారణం కాదు. మైదా, చక్కెర, తెల్లన్నం ఎక్కువవడం, మద్యం వీటి వాటా పెద్దది. వారాంతాల్లో తాగే అలవాటుంటే మీ డాక్టర్ దగ్గర దాచొద్దు, మిక్చర్ కంటే అదే అసలు సంగతి కావచ్చు. రోజుకు ఎన్ని టీలు, ఒక్కోదానికి ఎన్ని స్పూన్ల చక్కెర అన్నదీ రాసుకోండి. నాలుగు కిలోల నేరమంతా మిక్చర్ మీద మోపను. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే ఒకసారి చేయించండి. బీపీ ఒక్క రీడింగుతో తేల్చకూడదు. వారం రోజులు ఉదయం, సాయంత్రం ఇంట్లో కూర్చుని చూసి, ఆ అంకెలు పట్టుకెళ్లండి. టెన్షన్ పడాల్సిన స్థితి కాదు కానీ పక్కన పెట్టేసేదీ కాదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం ఈ లెక్కలన్నీ ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ ప్రశ్న చదివే మరికొందరి కోసం రెండు మాటలు. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు సాయంత్రం తినేది ఉన్నట్టుండి మానేయకండి, షుగర్ పడిపోవచ్చు, డాక్టరును అడిగి మార్చండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లు అడగకుండా దాన్ని వాడొద్దు.

మీకైతే ఇది చెబుతాను. మిక్చర్ వారానికి రెండు రోజులు, గీత దాకానే. మిగతా రోజుల్లో ఉడకబెట్టిన శనగలో వేరుశనగలో ఒక చిన్న కప్పు. లేదా మన సీమ పద్ధతిలో గుప్పెడు బొరుగుల్లో పుట్నాలు, ఉల్లిపాయ, టమోటా, నిమ్మరసం. బొరుగులు తేలికే అయినా పిండిపదార్థమే కాబట్టి, పుట్నాల వంతు పెంచి బొరుగుల వంతు తగ్గించండి. ఐదు ప్యాకెట్లకు బదులు ఈ నెల ఒకటే కొనండి, ఇంట్లో లేనిదాన్ని లెక్కపెట్టే పని ఉండదు. మూడు నెలల తర్వాత పరగడుపున లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), దాంతోపాటు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి.

ఇక అమ్మగారి డబ్బా. ఇంట్లో చేసింది కదా అని దానికి మినహాయింపు లేదు, నూనె ఎక్కడైనా నూనే. అయితే నిప్పట్లకు ఒక మంచి గుణం ఉంది, మిక్చర్‌లా కాకుండా వాటిని లెక్కపెట్టొచ్చు. పది నిప్పట్లు కవర్లో వేసి కింద కిరాణా కొట్టు తక్కెడ మీద పెట్టించండి, పదితో భాగించండి. ఒక్కోటి పదిహేను గ్రాములు తూగితే రెండు నిప్పట్లు ముప్పై, ఆ రోజుకు మిక్చర్ లేదు. డబ్బా తెచ్చి టీవీ ముందు పెట్టుకోవద్దు. రెండు పళ్లెంలో పెట్టుకుని, మూత బిగించి పైఅరలో పెట్టేయండి. రాత్రి ఫోన్ చేసి ‘నిప్పట్లు తింటున్నావా నాయనా’ అని ఆవిడ అడిగితే తింటున్నానని నిజమే చెప్పొచ్చు, ఎన్ని అని ఆవిడ అడగరు.

– జనరల్ ఫిజీషియన్, బెంగళూరు