విమానాల మ్యూజియంలో చేరబోయే మేనకోడలికి

చి. అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. సియాటెల్ ఉద్యోగంలో కుదురుకున్నావని, వారాంతాల్లో మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో వాలంటీరుగా చేరాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రిటైరయ్యాక నా కాలక్షేపం అక్కడే కాబట్టి, అడక్కపోయినా నాలుగు మాటలు చెబుతాను.

అన్ని విమానాల గురించీ చదివేద్దామని కూర్చోకు. పొడవు, బరువు, ఇంజిన్ల లెక్క పక్కన బోర్డు మీదే ఉంటాయి. ముందు ఒక్కదాన్ని పట్టుకుని దాని అంతు చూడు. నన్నడిగితే, ధ్వనిని మించిన వేగంతో ప్రయాణికుల్ని మోసిన కాంకార్డ్‌తో మొదలుపెట్టమంటాను. 2003 నవంబరు 5న న్యూయార్క్ నుంచి 3 గంటల 55 నిమిషాల్లో వచ్చి, మ్యూజియం పక్కనే ఉన్న బోయింగ్ ఫీల్డ్‌లో దిగింది. మళ్లీ ఎగరలేదు. ధ్వనికి రెండింతల వేగంతో పోతున్నప్పుడు ఒళ్లంతా వేడెక్కి, ఆ విమానం కొన్ని అంగుళాలు సాగేది. అప్పుడు కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజినీరు ప్యానెల్‌కీ, వెనక గోడకీ మధ్య సందు తెరుచుకునేది. చివరి ప్రయాణంలో ఇంజినీరు తన టోపీ తీసి ఆ సందులో పెట్టాడు. విమానం చల్లబడింది, సందు మూసుకుంది, టోపీ ఇరుక్కుపోయింది. తర్వాతెప్పుడో ఒక మహానుభావుడు బయటికి కనిపిస్తున్న ముక్కని కోసుకుపోయాడు! తిరిగిచ్చేస్తే కేసూ గీసూ ఉండదన్నాక అది వెనక్కి వచ్చింది. ఈ టోపీ సంగతి చెప్పి చూడు, పిల్లలు కాక్‌పిట్ వైపు మెడలు సాచుతారు. లోహం వేడికి ఎందుకు సాగుతుందో వాళ్లే అడుగుతారు. అదే మాక్ నంబరుతో, అంటే ధ్వనికి ఎన్నింతల వేగమన్న లెక్కతో మొదలుపెట్టావో, రెండో వాక్యానికే ఫోన్లు బయటికొస్తాయి.

వేసవిలో మనవాళ్ల అమ్మానాన్నలు చాలామంది వస్తారు. కొడుకో కూతురో ఫోటోలు తీసుకుంటుంటే, వీళ్లు బెంచీ కోసం వెతుక్కుంటూ ఉంటారు. తెలుగులో పలకరించి రెడ్ బార్న్‌కి తీసుకెళ్లు. 1909లో పడవలు కట్టడానికి వేసిన చెక్క షెడ్డు అది. బోయింగ్ కంపెనీ మొదటి ఫ్యాక్టరీ అదే. 1975లో దాన్ని బల్లకట్టు మీద నది వెంట ఇవతలికి చేర్చారు. తొలి రోజుల్లో రెక్కలకి గుడ్డ కుట్టింది ఆడవాళ్లేనని చెబితే, కుట్టుపని తెలిసిన అత్తయ్యలు ఏ దారం, ఏ కుట్టు అని ఆరా తీస్తారు. నువ్వు ముందే చదివి పెట్టుకో, నీళ్లు నమలాల్సి రాదు.

వాళ్లు తప్పకుండా కల్పనా చావ్లా గురించి అడుగుతారు. అసలైన స్పేస్ షటిల్ సియాటెల్‌కి రాలేదు. వ్యోమగాములు శిక్షణ పొందిన నమూనా వచ్చింది, ఎక్కువ భాగం ప్లైవుడ్‌దే. దానికోసం మొహం చిన్నబుచ్చుకునేవాళ్లుంటారు కానీ నాకైతే ఇదే మేలు. అసలు షటిళ్ల లోపలికి సందర్శకుల్ని పోనివ్వరు, దీంట్లోకి నడిచి వెళ్లొచ్చు. షటిల్ ఎక్కిన ప్రతి వ్యోమగామీ ఇందులో శిక్షణ తీసుకున్నవారే, కల్పన కూడా. అది చెప్పి కాసేపు ఊరుకో.

బి-29 దగ్గర నోరు ఇంకా తక్కువ చెయ్యి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద బాంబులు వేసిన విమానం అది. ఎదురుగా నిలబడ్డవాళ్ల తాతగారు దాన్ని నడిపి ఉండొచ్చు, దాని కింద ఉన్న ఊళ్లోనూ ఉండి ఉండొచ్చు. వాళ్లు మాట్లాడితే మాట్లాడు. అక్కడ జోకులు మాత్రం వద్దు.

ఇది బోయింగ్ ఊరని మర్చిపోకు. 1969 ఫిబ్రవరి 9న మొట్టమొదటిసారి ఎగిరిన 747 అక్కడుంది. దాని ముందు నువ్వు లెక్చర్ దంచుతుంటే, ఆ విమానానికి పనిచేసిన పెద్దాయనే వెనక నిలబడి వింటూ ఉండొచ్చు. ఆయన్ని గుర్తుపట్టావా, వెంటనే మైకు ఆయనకిచ్చెయ్. నేను నేర్చుకున్నదాంట్లో సగం అలాంటి వాళ్ల దగ్గరే.

ఇక చిల్లర సంగతులు. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడాలి, మెత్తటి బూట్లు కొనుక్కో. అప్లికేషన్‌లో నీ డిగ్రీల గురించి పెద్దగా రాయకు. ఏ రోజు, ఏ పూట తప్పకుండా రాగలవో రాయి, వాళ్లకి కావాల్సింది అదే. ఆఫీసులో రిలీజుల టెన్షన్ ఉండే వారాలు రాలేనని ఇంటర్వ్యూలోనే చెప్పెయ్.

ఉంటాను,
మావయ్య