మాగాయ ఊట దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

కణం మీద నువ్వు రాసిన వ్యాసం అంది పది రోజులైంది. తీసిన రోజు మొదటి పేజీ దాటలేకపోయాను. కోపం వచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీస్తే నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, దాన్ని మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆ కోపమూ ఆ వాక్యమూ లేకపోతే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు కోపం సంగతి. "కణం ఒక ఫ్యాక్టరీ లాంటిది. కేంద్రకం దానికి మేనేజరు, మైటోకాండ్రియా పవర్‌హౌస్, గాల్జీ ప్యాకింగ్ సెక్షన్, లైసోజోములు చెత్తబుట్టలు" అని ఎత్తుకున్నావు. ఈ పోలిక నువ్వు చదివిన గైడులో ఉంది. మీ టీచరు చదివిన గైడులోనూ ఉండే ఉంటుంది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ వాక్యాన్ని ఆన్సర్ పేపర్లలో ఎన్ని వందలసార్లు దిద్దానో లెక్కలేదు. మైటోకాండ్రియాని పవర్‌హౌస్ అని 1957లో ఫిలిప్ సికెవిట్జ్ అనే శాస్త్రవేత్త తన వ్యాసానికి పేరు పెట్టాడు. ఆయన రాసినప్పుడు ఆ మాటలో వెలుగు ఉంది. ఇప్పుడు అది చదివితే మనసులో ఏ బొమ్మా లేవదు.

పాతబడటం ఒక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. ఆ పోలిక తప్పు నేర్పుతోంది. ఫ్యాక్టరీని ఆదివారం మూసి సోమవారం తెరుస్తారు. నీ ఒంట్లో కణానికి ఆ వీలు లేదు. పైగా ఫ్యాక్టరీ సబ్బులో చెప్పులో చేసి బయటికి పంపుతుంది గానీ తన యంత్రాలనే రోజూ విప్పి, ఆ ముక్కలతోనే మళ్లీ బిగించుకోదు. కణం పొద్దస్తమానం చేసే పని అదే. కొన్ని ప్రోటీన్లు తయారైన కొన్ని నిమిషాలకే విరిగిపోతాయి, కొన్ని రోజుల తరబడి ఉంటాయి. విరిగినవాటి ముక్కలు కొత్తవాటిలోకి వెళ్తాయి. ఇక నీ మేనేజరు! కేంద్రకంలో ఉన్న డీఎన్‌ఏని సాగదీస్తే సుమారు రెండు మీటర్లు, నిజమే. కానీ అది సీట్లో కూర్చుని ఆర్డర్లు వేయదు. కాలేయ కణంలో ఉన్న డీఎన్‌ఏ, చర్మ కణంలో ఉన్నదీ ఒకటే. ఎక్కడ ఏ భాగం చదవాలో చుట్టుపక్కల నుంచి వచ్చే కబుర్లని బట్టి తేలుతుంది.

రెండో పేజీలో "మనిషి శరీరంలోని ప్రతి కణంలోనూ కేంద్రకం ఉంటుంది" అని రాశావు. ఎమ్మెస్సీ చదువుతున్నావు, నీకు తెలియని విషయం కాదు. పోలిక నిన్ను లాక్కుపోయింది. మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. వాటిలో ఐదింట నాలుగు వంతులు ఎర్ర రక్తకణాలే. అవి ముదిరే దశలో కేంద్రకాన్ని బయటికి తోసేస్తాయి, మైటోకాండ్రియాని కూడా వదిలించుకుంటాయి. మేనేజరూ పవర్‌హౌసూ లేకుండానే సుమారు 120 రోజులు నీ రక్తంలో తిరుగుతూ ఆక్సిజన్ మోస్తాయి. నీ ఫ్యాక్టరీ నీ ఒంట్లోని కణాల్లో ఎక్కువవాటికి వర్తించదన్నమాట.

నేను నమ్మేది ఒకటే, దానికోసం చాలామందితో పోట్లాడాను కూడా. కణాన్ని కంటితో చూడకుండా దాని గురించి రాయకూడదు.

1974లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీలో నలభై మందికి మూడు మైక్రోస్కోపులు, అందులో ఒకదానికి అద్దం పగిలింది. రికార్డులో బొమ్మలన్నీ సీనియర్ల రికార్డులు చూసి వేసేవాళ్లం. నా బొమ్మలు బాగుంటాయని పేరు. ఉల్లిపొర కణాల్ని ఇటుకలు పేర్చినట్టు వేసి, ఒక్కో దాంట్లో కేంద్రకం చుక్క పెట్టి, పెన్సిల్‌తో షేడింగ్ ఇచ్చేవాణ్ణి. ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో "గుడ్" ఉండేది. ఒక సాయంత్రం మా ల్యాబ్ అటెండరు స్లైడులు కడుగుతూ, "బాబూ, బొమ్మలు బాగా వేస్తావు. ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆయన చేతులు తుడుచుకుని, కాలేజీ వెనక చెరువులోంచి హైడ్రిల్లా అనే నీటిమొక్క రెమ్మ ఒకటి పట్టుకొచ్చారు. చివరి లేతాకు తుంచి, స్లైడు మీద నీటిచుక్కలో పరిచి, కవర్‌స్లిప్ మూసి, కిటికీ వెలుతురు పడేలా అద్దం తిప్పి, "కదిలేదాకా చూడు" అన్నారు.

మొదట ఆకుపచ్చ మసక. ఫైన్ అడ్జస్ట్‌మెంట్ తిప్పితే గళ్లు తేలాయి, గళ్లలో ఆకుపచ్చ గింజలు. అవి హరితరేణువులని పుస్తకంలో చదివిందే. ఏమీ కదల్లేదు. కన్ను నొప్పి పెట్టింది, తీసేద్దామనుకున్నాను. అప్పుడు ఒక గింజ జరిగింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి ఆ గడిలో ఉన్నవన్నీ గోడ వెంబడి వరసగా, గుడి చుట్టూ జనం తిరిగినట్టు తిరుగుతున్నాయి. మూల దగ్గర కొంచెం ఆగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, మళ్లీ సాగుతున్నాయి. వాటిని మోస్తున్న కణద్రవ్యం కంటికి ఆనడం లేదు, గింజలు కొట్టుకుపోవడం మాత్రం కనిపిస్తోంది. చీకటి పడేదాకా చూశాను. ఆయన ఏమీ అనకుండా తలుపు దగ్గర తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

ఆ రాత్రి హాస్టల్లో నా రికార్డు తెరిచి చూస్తే అన్నీ చచ్చిన బొమ్మలు. తర్వాతెప్పుడో తెలిసింది, నీటిమొక్క కణంలో ఈ తిరుగుడుని ఇటలీలో కోర్తి అనే ఆయన 1774లో గమనించాడని. సరిగ్గా రెండు వందల ఏళ్ల తేడా. నాకు మాత్రం ఆ సాయంత్రం నాకంటే ముందు ఎవరూ చూడలేదన్నట్టే ఉండింది. నీ వ్యాసంలో నాకు కావలసింది అది.

మన మాటతోనూ ఒక చిక్కు ఉంది, దాన్ని గుర్తుపెట్టుకో. 1665లో లండన్‌లో రాబర్ట్ హుక్ బెండుముక్కని పల్చగా కోసి చూసి, ఆ గళ్లకి చిన్న గది అనే అర్థమున్న సెల్ అనే పేరు పెట్టాడు. ఆయన చూసినవి ఎప్పుడో చచ్చిపోయిన కణాల గోడలు, లోపల ఏమీ లేదు. మనవాళ్లు దాన్ని కణం అన్నారు. అంటే నలుసు, రేణువు. ఫిజిక్స్ వాళ్లకీ అదే మాట. కనుక ఇంగ్లీషు పిల్లకి ఖాళీ గది తడుతుంది, మన పిల్లకి గట్టి ఇసుక రేణువు తడుతుంది. రెండింట్లోనూ తడి లేదు. ఆ తడి నువ్వు తేవాలి, నీ వాక్యాల్లోంచి రావాలి.

తేగలవని నాకు తెలుసు. నాలుగో పేజీలో రాశావు కదా: "మాగాయకి ఉప్పు పట్టించగానే మామిడి ముక్క ఏడుస్తుంది అనేది మా మామ్మ." రాసి, ఆ పేరా అక్కడే తుంచేసి, ద్రవాభిసరణం (ఆస్మాసిస్) నిర్వచనం పెట్టేశావు. నాకు ప్రాణం ఉసూరుమంది! ముందున్న మూడు పేజీలూ తీసెయ్. ఆ జాడీ దగ్గర మొదలుపెట్టు.

చెక్కు తీసి తరిగిన ముక్కలకి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడతారు. మూడో రోజుకి ముక్కలు వాడి, ఊటలో మునిగి ఉంటాయి. ఎవరూ నీళ్లు పోయలేదు. ఆ నీళ్లన్నీ ముక్కలోని కణాలవే. మామిడి కణంలో ఎక్కువ చోటు రిక్తికదే, పుల్లటి రసం నిండిన తిత్తి అది. బయట ఉప్పు చిక్కగా ఉంటే లోపలి నీరు కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉన్న పల్చటి పొర, దాటి బయటికి వస్తుంది. త్వచం నీటిని పోనిస్తుంది, ఉప్పుని మాత్రం అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. దాని మందం 5 నుంచి 10 నానోమీటర్లు. నువ్వు రాసే కాగితం మందం రావాలంటే అలాంటి పొరలు పదివేలకు పైనే పేర్చాలి. రెండు వరసల కొవ్వు అణువులు, మధ్యలో దిగబడిన ప్రోటీన్లు. అది గోడలా బిగుసుకుని ఉండదు, నూనెలా పక్కలకి జరుగుతూ ఉంటుంది. బతికి ఉన్నంతసేపూ ఏది రావాలో ఏది పోవాలో దానికి ఒక పట్టు ఉంది. నీరంతా పోయి కణం చచ్చాక ఆ పట్టు పోతుంది. అప్పుడు ఉప్పూ కారమూ లోపలిదాకా దిగుతాయి. మనం ముక్క ఊరింది అంటాం. మీ మామ్మ ఏడవడం అన్నదీ మనం ఊరడం అంటున్నదీ ఒకే పొర కథలో రెండు ఘట్టాలు. ఇది తెలుగులో తప్ప ఇంకెక్కడా ఇలా రాయలేవు.

అక్కడినుంచి మన ఒంటికి రా. మన కణాలు కూడా ఉప్పు నీటిలోనే ఉన్నాయి. సోడియం లోపలికి జొరబడుతూనే ఉంటుంది. పొరలో ఉన్న పంపు ఒక విడతకి మూడు సోడియం అయాన్లని బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లని లోపలికి తెస్తుంది, ఆ విడతకి ఒక ఏటీపీ ఖర్చు. కణం పనులకి శక్తినిచ్చే అణువు అది. నువ్వు ఊరికే కూర్చుని ఉన్నా ఏటీపీలో పెద్ద వాటా దీనికే పోతుంది. మైటోకాండ్రియా గురించి ఇక్కడ చెప్తే పాఠకుడికి అవసరం తెలుస్తుంది. ఇంత ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తోంది అని వాడే అడుగుతాడు. మైటోకాండ్రియా లోపలి పొరకి అవతల ప్రోటాన్లు పోగుపడతాయి, తిరిగి వచ్చే దారిలో ఒక ప్రోటీన్‌ని నిజంగానే గిర్రున తిప్పుతాయి, ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. ప్రోటాన్ల సంగతి పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1961లో చెప్తే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

ఇంకో సంగతి నాకు నిజంగా బాధ కలిగించింది. పదకొండు చోట్ల ఏటీపీ అని రాశావు, ఒక్కచోట కూడా ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు లేదు. పాలకొల్లు పిల్లవి! పక్కనున్న భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి, ముందు ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టి, దానితోనే కండరంలో వెతికి, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు, అదీ రాయి. మనవాడని గొప్పలు పోవద్దు. ఆయన ఏం కొలిచారో, ఆ కొలత లేకపోతే ఏది దొరికేది కాదో రాయి.

మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా అన్నది కూడా వదిలేశావు. ఇప్పటికీ వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది, మనలో 37 జన్యువులు, అమ్మ నుంచే వస్తాయి. అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ ఈ మాట రాసిన పేపరుని పదిహేను పత్రికల దాకా తిప్పి పంపాక 1967లో అచ్చయింది. ఎడిటర్ల సంగతి నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఆదివారం అనుబంధానికి బుగ్గ లోపలి కణాల మీద రాశాను. కణత్వచం అంటే పాఠకులకి అర్థం కాదని అక్కడి సబ్ ఎడిటర్ ప్రతిచోటా "కణం గోడ" అని మార్చేశారు. జంతుకణానికి గోడ ఉండదన్నది తొమ్మిదో తరగతి పాఠం. నా పేరు కింద ఆ తప్పు అచ్చయింది. ఉపాధ్యాయులు కార్డులు రాశారు, నేను సవరణ వేయమని మూడు ఉత్తరాలు రాశాను, వేయలేదు. పైగా "మీ బుగ్గలో వింత లోకం!" అని శీర్షిక. అప్పటి వింతలు ఇప్పుడు "తెలిస్తే షాకవుతారు" అయ్యాయి. నీ వ్యాసంలో అలాంటివి మూడు ఉన్నాయి, కొట్టేశాను.

తెలుగు మాటలు వాడాలా, ఇంగ్లీషువా అని అడిగావు. కేంద్రకం, కణత్వచం బడిలో నేర్చినవే, ధైర్యంగా వాడు. మైటోకాండ్రియా, రైబోజోమ్ అలాగే ఉండనీ. అంతర్జీవ ద్రవ్యజాలం (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) దగ్గర మాత్రం ముందు ఆ పొరల మడతల్ని చూపించు, పేరు తర్వాత చెప్పు. ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అన్నవి ఇప్పుడు వద్దు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్. మీ ల్యాబ్‌లో ఎర్ర ఉల్లిపాయ రేకు వెలుపలి ఊదారంగు పొర తీసి నీటిచుక్కలో పెట్టి చూడు. ప్రతి గడీ అంచుదాకా రంగు నిండి ఉంటుంది. కవర్‌స్లిప్ ఒక పక్క ఉప్పునీటి చుక్క వేసి, రెండో పక్క అద్దుడు కాగితంతో లాగు. రంగు గోడల్ని వదిలి మధ్యకి ముడుచుకుంటుంది. తర్వాత అదే పద్ధతిలో మంచినీళ్లు పంపు. ఎన్ని కణాలు తిరిగి నిండాయో, ఎన్ని నిండలేదో లెక్కపెట్టి, నిండనివి ఎలా ఉన్నాయో రాసి పంపించు.

ఆశీస్సులతో,
మాస్టారు