కంప్యూటర్ చూసుకుంటుందిలే అనుకున్న రంపం సంగతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్టిల్ ఎంఎస్ 462 సి-ఎం పెట్రోలు చైను రంపం కొన్నందుకు సంతోషం. పనివాడి చేతిలో ఉండాల్సిన యంత్రం అది. బలం పెంచడానికి సైలెన్సర్ తెరిచి, సిలిండర్ కింద గాస్కెట్ (సందు మూసే పలచటి పొర) తీసేసి, వీలైతే పోర్టులు, అంటే సిలిండర్ గోడలో గాలీ పొగా తిరిగే దారులు, కూడా అరగదీస్తానన్నావు. అంతవరకు కుర్రతనం అనుకుని నవ్వుకున్నాను. ఆ తర్వాత "ఇంధనం సంగతి ఎలాగూ కంప్యూటర్ సర్దుకుంటుంది కదా మామయ్యా" అని రాశావు చూడు, అక్కడ నవ్వు ఆగిపోయింది. అదే మాట అనుకుని నేనొక ఇంజిన్ పోగొట్టుకున్నాను.

ముందు ఆ కంప్యూటర్ చేసే పనేమిటో తెలుసుకో. పాత రంపాల్లో గాలికి పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌కు హెచ్ (ఎక్కువ వేగానికి), ఎల్ (తక్కువ వేగానికి) అని రెండు స్క్రూలుండేవి. ఎండకు, చలికి, ఎత్తుకు తగ్గట్టు మనమే తిప్పుకునేవాళ్ళం. నీ రంపంలో ఆ పని కరెంటుతో తెరుచుకుని మూసుకునే ఒక సొలెనాయిడ్ వాల్వ్ చేస్తుంది. దాన్ని నడిపేది ఫ్లైవీల్ పక్కన కూర్చున్న చిన్న మాడ్యూల్. బ్యాటరీ లేదు. తాడు లాగగానే తిరిగే అయస్కాంతాల నుంచే దానికి కరెంటు పుడుతుంది. స్టిల్ దీన్ని ఎం-ట్రానిక్ అంటుంది, హస్క్‌వర్నా ఆటోట్యూన్ అంటుంది. ఈ మాడ్యూల్ ప్రధానంగా కనిపెట్టేది ఇంజిన్ వేగాన్ని. కారులో మాదిరి పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే సెన్సర్ దీనికి లేదు. చలికి గాలి బరువెక్కినా, ఎక్కడో రబ్బరు చిట్లి దొంగగాలి దూరినా దానికి తెలిసేది ఒక్కటే, మిశ్రమం పలచబడిందని, అంటే గాలికి తగినంత పెట్రోలు లేదని. వెంటనే పెట్రోలు పెంచుతుంది. కారణం అడగదు.

నాకు జరిగింది సరిగ్గా ఇదే. నా దగ్గర 50 సీసీ రంపం ఒకటి ఉండేది, అది కూడా కంప్యూటర్ రకమే. థ్రాటిల్ వదిలాక వేగం చప్పున దిగకుండా రెండు మూడు క్షణాలు పైనే వేలాడటం మొదలైంది. పాత రంపమైతే అదే రోజు విప్పేవాణ్ణి. దుంగలో మాత్రం తియ్యగా కోస్తోంది కదా, ఐడిలింగ్ సంగతి కంప్యూటర్ చూసుకుంటుందిలే అని వదిలేశాను. కొన్ని వారాలకు ఒక పొద్దున తాడు లాగితే చేతికి బరువే తెలియలేదు. తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీశాను. మంచి ఇంజిన్ అయితే ఒక్కో కంప్రెషన్ దగ్గర ఆగి ఆగి దిగుతుంది. నాది బావిలో చేదలా జారిపోయింది. సైలెన్సర్ విప్పి టార్చి వేసి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి చూస్తే, అద్దంలా ఉండాల్సిన పిస్టన్ మీద పైనుంచి కిందికి గీతలు, దువ్వెనతో గీసినట్టు. తప్పు ఎక్కడుందో తెలుసా? కార్బ్యురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో. మామూలుగా చూస్తే ఏమీ కనిపించదు. బొటనవేలితో వంచినప్పుడే వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. అది పెరుగుతున్నకొద్దీ కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ నా కళ్ళకు గంతలు కట్టింది. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాక ఇక ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు. పెట్రోలుతో పాటు అందులో కలిసిన నూనె కూడా చాలక పిస్టన్ గీసుకుపోయింది.

సైలెన్సర్ తెరిస్తే ఇంజిన్‌కు అదనపు పెట్రోలు కావాలి. అది కూడా ఆ వాల్వ్‌లోంచే పోవాలి. అంటే రేపు ఏదైనా లీకు వస్తే సర్దుకోవడానికి మిగిలే చోటు తగ్గుతుంది. నీ మార్పుల లెక్కంతా ఇక్కడి నుంచి మొదలుపెట్టు.

కాబట్టి మొదటి పది ట్యాంకుల దాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోకు. ఇంజిన్ కుదురుకోవాలి, నీ చెవి దానికి అలవాటు పడాలి. ఈ చెవి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పాత రంపాన్ని ఖాళీగా పూర్తి వేగంలో తిప్పినప్పుడు గరగరమని తడబడితే మిశ్రమం చిక్కగా ఉందనీ, కోత మొదలుపెట్టగానే ఆ గరగర పోతే సరిగ్గా ఉందనీ అర్థం. నాబోటి వాళ్ళం ఆ శబ్దంతోనే బతికాం. నీ రంపం కూడా ఖాళీగా తిప్పితే గరగరమంటుంది, కానీ అది మిశ్రమం చెప్పే మాట కాదు. వేగం నిమిషానికి 13,500 చుట్లు దాటకుండా మాడ్యూల్ అడ్డుపడుతున్న చప్పుడు. దాన్ని విని "చిక్కగానే ఉంది, భయం లేదు" అనుకున్నావా, మోసపోయావన్నమాటే. దుంగలో ఉన్నప్పుడు విను. బరువు పడ్డప్పుడు గొంతు నిండుగా ఉందా, సన్నగా కీచుమంటోందా? కొంచెం ఒత్తిడి తీస్తే వేగం ఎంత త్వరగా కోలుకుంటోంది? థ్రాటిల్ వదిలితే వెంటనే దిగుతోందా? ఈ మూడే నీకు దారి చూపేవి.

ఇంకొకటి, మార్పుకు ముందే కొలతలు రాసి పెట్టుకో. ఒకే రకం చెక్క, ఒకే లావు దుంగ, అప్పుడే పదును పెట్టిన చైను, మూడు కోతలు, స్టాప్‌వాచీ. సైలెన్సర్ తెరిచాక చప్పుడు పెరుగుతుంది, చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు అనిపిస్తుంది. గడియారానికి ఆ భ్రమ ఉండదు. కొలిచేటప్పుడే నీకు ఇంకో సంగతి తెలుస్తుంది. మొద్దుబారిన చైనుకూ పదునైన చైనుకూ ఉన్న తేడా ముందు ఏ సైలెన్సర్ మార్పూ లెక్కలోకి రాదు. నీ 3/8 అంగుళాల కొలత చైనుకు 5.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం, ప్రతి పంటికీ సమానమైన తోపులు. పంటి ముందుండి కోత లోతును అదుపు చేసే గూడను పంటి కొసకంటే 0.65 మిల్లీమీటర్లకు మించి దించకు. దించితే చైను చెక్కను కొరుకుతుంది, చైను తిరిగే పట్టీ (బారు) కొస నీ మీదికి తన్నేస్తుంది. రాలే పొట్టు పిండిలా ఉంటే పదును పోయినట్టు, పేలికల్లా ఉంటే బాగున్నట్టు.

ఇదంతా అయ్యాక కూడా చెయ్యి దురద తగ్గకపోతే, ముందు లీకు పరీక్ష చెయ్యి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ మూసి 0.5 బార్ ఒత్తిడితో గాలి పట్టించి గేజి ముల్లు నిలబడుతోందో చూడు. తర్వాత అంతే వాక్యూమ్ పెట్టి, క్రాంకు (పిస్టన్‌తో కలిసి తిరిగే ఇరుసు) మెల్లగా తిప్పుతూ మళ్ళీ చూడు. గాలి నింపినప్పుడు బిగుసుకునే క్రాంకు సీలు వాక్యూమ్‌లో వదిలేయవచ్చు. ఒక్క పరీక్షతో సరిపెట్టేవాళ్ళు అక్కడే దొరికిపోతారు.

సైలెన్సర్ పనికి నాకు అభ్యంతరం లేదు, ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేది అదొక్కటే. దాన్ని ఇంజిన్ నుంచి విడదీసే రంధ్రం వెయ్యి. ఆ సేపు పిస్టన్‌ను పైకి తెచ్చి ఎగ్జాస్ట్ దారి మూసి, శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచు. బయటికి వెళ్ళే దారి మొత్తం సిలిండర్ ఎగ్జాస్ట్ రంధ్రం వైశాల్యంలో 80 శాతం దాటనివ్వను నేను. దాటితే చప్పుడే మిగులుతుంది. నిప్పురవ్వలు ఆపే జాలీ మాత్రం తీయకు. ఎండుటాకుల మీద ఒక్క రవ్వ చాలు. వేడి గాలి ప్లాస్టిక్ మూత మీదికో, నీ చేతి మీదికో తిరగకుండా చూసుకో. వారంటీ పోతుంది, చాలా దేశాల్లో పొగ నిబంధనలు కూడా ఒప్పుకోవు. అది తెలిసే చెయ్యి. బిగించాక మాన్యువల్‌లో చెప్పినట్టు కంప్యూటర్‌కు క్యాలిబ్రేషన్ (కొత్తగా సరిచూసుకునే పని) చేసి, అయిదారు పెద్ద కోతలు కోసి, అప్పుడు స్టాప్‌వాచీ తియ్యి. ఖాళీగా తిప్పితే చుట్లు పెరగలేదేమని చూడకు, పెరగవు. లాభమేదైనా ఉంటే అది బరువు మీద తెలియాలి.

పోర్టుల జోలికి మాత్రం వెళ్ళకు. పాత రంపాలకు గీసిన కొలతలు దీనికి అతకవు. దీంట్లో కాలిన పొగకూ కొత్త మిశ్రమానికీ మధ్య శుభ్రమైన గాలి పొర ఒకటి ముందుగా వెళ్ళేలా దారులు కట్టారు. ఒక అంచు ఎక్కువ అరిగితే ఆ వరస చెడుతుంది, వెడల్పు మితిమీరితే పిస్టన్ రింగు కొస తగిలి విరుగుతుంది. ఫ్లైవీల్‌ను దాని చోట నిలిపే కీ అరగదీసి, ప్లగ్గు మెరిసే వేళను (టైమింగ్) ముందుకు జరిపే ఆలోచన కూడా మానుకో. ఆ మాడ్యూల్ సమయాన్ని లెక్కపెట్టేది ఫ్లైవీల్ అయస్కాంతాల తిరుగుడు చూసే. మరీ బలం కావాలంటే కార్బ్యురేటరే లేని ఎంఎస్ 500ఐ ఉంది. ఇంధనం ఇంజెక్షన్‌తో అందుతుంది, నీ 72.2 సీసీ, 4.4 కిలోవాట్ల బదులు 79.2 సీసీ, 5 కిలోవాట్లు. బరువు తేడా పావుకిలో కూడా ఉండదు. అరగదీత పనులన్నిటి కంటే అది చవకేమో లెక్క వేసుకో.

నూనె లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, అంతే. "ఇంకాస్త పోస్తే ఇంజిన్‌కు మంచిది" అనేవాళ్ళ మాట వినకు. నూనె పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడేది అందువల్లనే. కలిపిన ఇంధనాన్ని నెల దాటనివ్వకు.

చైన్ బ్రేకు, చైను తెగితే పట్టుకునే కొక్కెం, థ్రాటిల్ లాకు, వీటిలో ఏదీ మార్చకు. పూర్తి వేగంలో చైను సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెడుతుంది. కాళ్ళకు రక్షణ ప్యాంటు వేసుకునే కొయ్యి. చైను తగలగానే ప్యాంటు లోపలి పోగులు ఊడి, చైనును తిప్పే స్ప్రాకెట్‌లో చుట్టుకుని ఆపేస్తాయి. ఆ ప్యాంటు అడ్డొస్తోందని, ఉక్కపోస్తోందని నాకు ఉత్తరాలు రాయకు.

ఇక గాస్కెట్ సంగతి. అది తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది నిజమే, సిలిండర్ కిందికి దిగి పోర్టులన్నీ తెరుచుకునే వేళలు కూడా మారతాయి. పిస్టన్ తలకూ సిలిండర్ కప్పుకూ మధ్య కనీసం 0.5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి సోల్డర్ తీగ సిలిండర్ గోడ తగిలేదాకా దూర్చి, క్రాంకు చేత్తో ఒక చుట్టు తిప్పు. నలిగిన కొసను వెర్నియర్‌తో కొలువు. పిస్టన్ పిన్ను ఉన్న వరసలోనే రెండు వైపులా కొలవాలి. అడ్డంగా కొలిస్తే పిస్టన్ ఊగి తప్పుడు అంకె వస్తుంది. ఆ రెండు అంకెలూ, నీ మూడు కోతల సమయాలూ రాసి పంపు. గాస్కెట్ తియ్యాలో వద్దో అవి చూశాక చెబుతాను.

మీ మామయ్య