వాగుకు అటూ ఇటూ ఒకే ఊరు: మోడ్లరాయిట్ మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో రెండు జర్మనీల సరిహద్దు గురించి వచ్చిన వ్యాసంలో, "మోడ్లరాయిట్ అనే పల్లెను కూడా బెర్లిన్ లాగే గోడ కట్టి రెండుగా చీల్చారు" అన్న వాక్యం ఒకటి ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చాలామంది పాఠకులు ప్రశ్నలు పంపారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: బెర్లిన్ అంటే మహానగరం, రాజధాని, అక్కడ గోడ కట్టారంటే అర్థం చేసుకోగలం. ఈ పల్లె ఎక్కడుంది? ఎంత పెద్దది? దానికి గోడ ఎందుకు పట్టింది? (విజయవాడ)

జవాబు: మోడ్లరాయిట్ జనాభా యాభైకి అటూ ఇటూగా ఉంటుంది. బవేరియా రాష్ట్రపు ఈశాన్య మూలన చెక్ దేశపు సరిహద్దుకు దగ్గరగా హోఫ్ అనే పట్టణం ఉంది; అక్కడి నుంచి ఉత్తరంగా బయలుదేరితే కారులో అరగంట కూడా పట్టదు. ఎగుడుదిగుడు మెట్ట భూములు, వాటి మధ్య అక్కడక్కడ అడవి, పల్లంలో పచ్చిక, పచ్చిక నడుమ చిన్న వాగు, ఆ వాగుకు రెండు వైపులా పెంకుటిళ్ళు, పశువుల కొట్టాలు: ఊరంతా ఇంతే. చలి ఎక్కువ, ఎండ తక్కువ కావడం వల్ల హోఫ్ ప్రాంతానికి "బవేరియా సైబీరియా" అన్న పేరు జనవాడుకలో ఉంది.

పేర్లలోనే ఆ నేల చరిత్ర కొంత దాగి ఉంది. ఊరి పేరు చివర ఉన్న "రాయిట్" అనే మాటకు అడవి నరికి సాగులోకి తెచ్చిన నేల అని అర్థం. సంగీతోత్సవాలకు పేరున్న బైరాయిట్ నగరం పేరులోనూ అదే మాట ఉంది. మధ్యయుగంలో అడవి కొట్టి పొలాలు చేసుకుని స్థిరపడిన రైతుల ఊళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. వాగు పేరు టాన్‌బాఖ్. ఫర్ చెట్ల వాగు అని చెప్పుకోవచ్చు. అది జాలె నదిలో కలుస్తుంది, జాలె ఎల్బెలో కలుస్తుంది, ఎల్బె ఉత్తర సముద్రంలోకి పోతుంది. ఊళ్ళో మాత్రం ఆ వాగును పెద్దవాళ్ళు ఒక్క అంగలో దాటేయవచ్చు. మీరు అడిగిన "ఎందుకు" అన్నదానికి జవాబు ఈ వాగు దగ్గరే మొదలవుతుంది. అది కింది ప్రశ్నతో ముడిపడి ఉంది కాబట్టి అక్కడ చెబుతున్నాం.

ప్రశ్న: ఊరిని రెండు చేసింది రెండో ప్రపంచ యుద్ధమేనా, అంతకుముందే ఆ గీత ఉందా? (రాజమహేంద్రవరం)

జవాబు: గీత ముందే ఉంది. దాన్ని గోడగా మార్చింది మాత్రం ఇరవయ్యో శతాబ్దం. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే మోడ్లరాయిట్ కథ అర్థం కాదని మా అభిప్రాయం.

నెపోలియన్ కాలంలో జర్మన్ సంస్థానాలు చేతులు మారుతూ వచ్చాయి. దక్షిణాన ఉన్న బైరాయిట్ సంస్థానం మొదట ప్రష్యాకు, తరువాత ఫ్రెంచి పాలనకు, చివరికి 1810లో బవేరియా రాజ్యానికి దక్కింది. వాగుకు ఉత్తరాన ఉన్నది రాయిస్ అనే చిన్న సంస్థానం. ఆ ఏడాదే టాన్‌బాఖ్ వెంబడి హద్దురాళ్ళు పాతారు. బవేరియా రాజ్యాన్ని సూచించే "కె.బి.", రాయిస్ సంస్థానాన్ని సూచించే "ఎఫ్.ఆర్." అన్న అక్షరాలు ఆ రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి.

అయితే ఆ రాళ్ళు పన్ను ఎవరికి కట్టాలో, ఏ అధికారి మాట చెల్లుతుందో చెప్పాయే తప్ప ఊరిని విడదీయలేదు. బడి, సారాయి అంగడి ఉత్తరపు ఒడ్డున ఉండేవి, అందరూ అక్కడికే వెళ్ళేవారు. ప్రార్థనకు మాత్రం అందరూ దక్షిణాన బవేరియా వైపున్న టోపెన్ గ్రామపు చర్చికి నడిచి వెళ్ళేవారు. పెళ్ళి సంబంధాలు వాగు దాటి కలిసేవి. ఒక ఒడ్డున ఇల్లు, మరో ఒడ్డున పొలం ఉన్న రైతులు ఉండేవారు. 1920లో రాయిస్, దాని పొరుగు సంస్థానాలు కలిసి థురింగియా రాష్ట్రంగా ఏర్పడినప్పుడు కూడా ఊరివాళ్ళ బతుకులో పెద్ద మార్పేమీ రాలేదు. ఇలా 130 ఏళ్ళకు పైగా ఆ హద్దు కాగితం మీద ఒకటిగా, కాలినడకన మరొకటిగా నడిచింది.

1945లో జర్మనీ ఓడిపోయాక విజేతలు దేశాన్ని పంచుకున్నప్పుడు పాత రాష్ట్రాల గీతలనే హద్దులుగా తీసుకున్నారు. బవేరియా అమెరికా సైన్యం కిందికి, థురింగియా సోవియట్ సైన్యం కిందికి వెళ్ళాయి. 1949లో దేశం రెండుగా చీలి, వాగుకు దక్షిణపు ఒడ్డు పశ్చిమ జర్మనీలోకి, ఉత్తరపు ఒడ్డు తూర్పు జర్మనీలోకి వెళ్ళాయి. అంతవరకు ఒక రాజు, ఒక చిన్న సంస్థానాధీశుడు పంచుకున్న వాగు ఇప్పుడు రెండు ప్రపంచ శిబిరాల సరిహద్దు అయింది.

ప్రశ్న: గోడ ఒక్కసారిగా లేచిందా? ఊరివాళ్ళు అడ్డుపడలేదా? (హనుమకొండ)

జవాబు: ఒక్కసారిగా లేవలేదు. మొదటి కొన్నేళ్ళు అనుమతి పత్రాలు చూపించి వాగు దాటేవారు. రైతులు తమ పొలాలకు వెళ్ళి వచ్చేవారు. అసలు దెబ్బ 1952లో పడింది. ఆ ఏడాది మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు పొడవునా కొత్త ఏర్పాటు ప్రకటించింది. సరిహద్దును ఆనుకుని 10 మీటర్ల వెడల్పున నేలను దున్ని చదును చేశారు. ఎవరు అడుగు వేసినా జాడ కనబడాలన్నది దాని ఉద్దేశం. దాని వెనక 500 మీటర్ల వరకు రక్షణ పట్టీ, ఆ వెనక 5 కిలోమీటర్ల వరకు నిషిద్ధ మండలం. ఊళ్ళో మొదట చెక్క పలకల కంచె, తరువాత ముళ్ళతీగ వచ్చాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ ఏడాదిలోనే ఉంది. ప్రభుత్వం నమ్మదగినవారు కాదని తేల్చిన కుటుంబాలను 1952 జూన్‌లో సరిహద్దు మండలం నుంచి బలవంతంగా లోపలి జిల్లాలకు తరలించారు. కొద్ది గంటల గడువులో సామాను సర్దుకుని ఇల్లు, పొలం, పశువులు వదిలి వెళ్ళవలసి వచ్చింది. సరిహద్దు మొత్తం మీద అలా వెళ్ళినవారు 8 వేలకు పైగా ఉన్నారు. అధికారులు ఆ చర్యకు రహస్యంగా పెట్టుకున్న పేరు జర్మన్‌లో "ఉన్‌గెజీఫర్", అంటే ఇళ్ళలో చేరే పురుగూ పుట్రా. తమ సొంత పౌరులను ఖాళీ చేయించే పనికి ఆ పేరు పెట్టగలిగారన్నది చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఆ ముప్పు తలమీద వేలాడుతుండగా అడ్డుపడే ధైర్యం ఎవరికి ఉంటుంది? 1961లో, బెర్లిన్ గోడ లేచిన తరువాత, రెండో విడత తరలింపు కూడా జరిగింది.

కాంక్రీటు గోడ 1966లో వచ్చింది. పొడవు 700 మీటర్లు, ఎత్తు 3.3 మీటర్లు. దానితో పాటు కావలి గోపురం, రాత్రంతా వెలిగే దీపాలు వచ్చాయి. రెండు జర్మనీల మధ్య సుమారు 1,400 కిలోమీటర్ల సరిహద్దులో ఎక్కువ భాగం పొలాలు, అడవుల గుండా పోయేది; అక్కడ ఇనుప కంచె సరిపోయింది. ఇక్కడ ఇళ్ళు ఎదురెదురుగా, ఒకరి కిటికీ మరొకరికి కనబడేంత దగ్గరగా ఉన్నాయి. కంచె మనిషిని ఆపుతుందే కాని చూపును ఆపదు. చూపును కూడా ఆపాలనుకున్నారు కాబట్టే గోడ వచ్చింది. అమెరికా సైనికులు ఊరికి "లిటిల్ బెర్లిన్" అని పేరు పెట్టారు.

ప్రశ్న: గోడకు అటువైపు ఉన్న చుట్టాలతో మాట్లాడే వీలైనా ఉండేదా? ఎవరైనా దాటి పారిపోగలిగారా? (అనంతపురం)

జవాబు: తూర్పు వైపు వాళ్ళు పడమటి వైపుకు చెయ్యి ఊపడం కూడా నిషిద్ధమే. పడమటి ఒడ్డు మీద నిలబడి ఎవరైనా చెయ్యి ఊపితే, తూర్పు వైపు వాళ్ళు చూడనట్టు తల తిప్పుకోవలసిందే. పలకరింపుకు పలకరింపు ఇవ్వకపోవడం పల్లెల్లో ఎంత పెద్ద మాటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. రక్షణ పట్టీలో ఉండేవారు రాత్రి పొద్దుపోయాక బయట తిరగడానికి వీల్లేదు. తూర్పు జర్మనీలోనే మరో ఊళ్ళో ఉన్న సొంత కొడుకు తల్లిని చూడడానికి రావాలన్నా ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. పశ్చిమ జర్మనీలో ఉన్న చుట్టం తూర్పు జర్మనీలోని వేరే పట్టణాలకు వీసా మీద వెళ్ళగలిగినా, నిషిద్ధ మండలంలో ఉన్న ఈ ఊళ్ళోకి అడుగుపెట్టలేడు. పది అడుగుల దూరంలో ఉన్న ఇంటికి చేరే దారే లేదు.

పడమటి వైపు పరిస్థితి వేరు. అక్కడ ఎవరైనా వచ్చి గోడను చూడవచ్చు. బస్సుల్లో సందర్శకులు వచ్చేవారు. 1983 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జి బుష్ కూడా వచ్చి చూసి వెళ్ళాడు.

గోడ దాటినవారి విషయానికి వస్తే, 1973లో ఒక వ్యక్తి నిషిద్ధ మండలంలో తిరిగే అనుమతిని ఉపయోగించుకుని వాహనంలో గోడ దాకా వచ్చి, నిచ్చెన వేసుకుని అవతలికి దూకి బతికి బయటపడ్డాడు.

ప్రశ్న: బెర్లిన్ గోడ కూలిన రోజే ఇక్కడి గోడ కూడా కూలిందా? (నిజామాబాద్)

జవాబు: లేదు. బెర్లిన్‌లో 1989 నవంబరు 9న దారులు తెరుచుకున్నాయి. మోడ్లరాయిట్ వాళ్ళు సరిగ్గా నెల రోజులు ఆగవలసి వచ్చింది. వాళ్ళు వాగు ఒడ్డున గుమిగూడి అడిగిన మీదట డిసెంబరు 9న గోడలో కాలినడక దారి ఒకటి తెరిచారు. ముప్పై ఏడేళ్ళ తరువాత ఊరివాళ్ళు ఊళ్ళోనే అటూ ఇటూ నడిచారు.

అదే రోజు హోఫ్ పట్టణంలో ఇంకో సమావేశం జరిగింది. రెండు జర్మనీల ప్రకృతి ప్రేమికులు సుమారు 400 మంది అక్కడ కలిసి, సరిహద్దు పట్టీని వన్యప్రాణుల కోసం కాపాడాలని తీర్మానించారు. దున్నక, ఎరువు వేయక, మనిషి తిరగక దశాబ్దాల పాటు వదిలేసిన ఆ నేలలో, చుట్టూ పొలాల్లో కనబడకుండా పోయిన పక్షులు, పూలమొక్కలు మిగిలి ఉన్నాయని వాళ్ళు గమనించారు. నేడు "హరిత పట్టీ" అని పేరుపడి దేశం పొడవునా సాగుతున్న ఆ సంరక్షణకు అదే నాంది.

గోడను 1990 జూన్ 17న బుల్‌డోజర్‌తో పడగొట్టారు. 1953లో అదే తేదీన తూర్పు జర్మనీ కార్మికులు ప్రభుత్వం మీద తిరగబడ్డారు కాబట్టి ఆ రోజుకు అక్కడ ప్రత్యేకమైన గుర్తింపు ఉంది. అయితే మొత్తం పడగొట్టలేదు. సుమారు 100 మీటర్ల గోడను అలాగే ఉంచి, దాని చుట్టూ మ్యూజియం ఏర్పాటు చేశారు. అంతా పడగొట్టాలన్న కోరిక సహజమే. అయినా కొంత మిగిల్చినవారే సరైన పని చేశారని మేము భావిస్తున్నాం, ఎందుకంటే ఆ ఎత్తును పక్కన నిలబడి చూసినప్పుడు కలిగే భావం ఏ ఛాయాచిత్రమూ ఇవ్వలేదు.

ప్రశ్న: దేశం ఒకటయ్యాక కూడా ఊరు రెండు రాష్ట్రాల్లోనే ఎందుకుంది? మా కెరమెరి మండలం సరిహద్దు గ్రామాల లాంటి సమస్యేనా? (ఆసిఫాబాద్)

జవాబు: పోలిక సహజంగానే తడుతుంది కాని, రెండూ ఒకటి కావు. మీ వైపు గ్రామాలు తమవేనని తెలంగాణ, మహారాష్ట్ర రెండూ అంటున్నాయి, రెండూ అక్కడ ఎన్నికలు జరుపుతున్నాయి; అది హద్దు తేలని వివాదం. మోడ్లరాయిట్‌లో హద్దు 1810 నుంచి తేలే ఉంది, దాని మీద ఎవరికీ తగాదా లేదు. ఉత్తర భాగం థురింగియాలోని గెఫెల్ పురపాలికకు, దక్షిణ భాగం బవేరియాలోని టోపెన్ పంచాయతీకి చెందుతాయి. అందువల్ల ఊరికి ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్‌లు (95183, 07926), ఫోన్లకు రెండు ప్రాంతపు కోడ్‌లు, కార్లకు రెండు రకాల నంబరు పలకలు ఉన్నాయి. సెలవులూ వేరే: జనవరి 6న, నవంబరు 1న బవేరియా ఒడ్డుకు సెలవు, ఎదుటి ఒడ్డుకు పనిదినం, సెప్టెంబరు 20న, అక్టోబరు 31న థురింగియా ఒడ్డుకు సెలవు. పలకరింపులో సైతం దక్షిణపు ఒడ్డున "గ్రూస్ గాట్" అని, ఉత్తరపు ఒడ్డున "గూటెన్ టాగ్" అని అంటారు.

మార్చాలంటే దారి లేకపోలేదు. 50 వేల జనాభాకు మించని ప్రాంతాన్ని రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకుని బదలాయించుకోవచ్చునని జర్మన్ రాజ్యాంగంలోని 29వ అధికరణం చెబుతోంది. ఆ దారిని ఇంతవరకు ఇక్కడ ఉపయోగించలేదు. వాగు మీదుగా స్వేచ్ఛగా నడవగలిగినంత కాలం, అవతలి ఒడ్డు వేరే రాష్ట్రమైతే పెద్ద నష్టమేమీ లేదని 1810 నుంచి 1945 దాకా ఆ ఊరు బతికి చూసింది. ఇప్పుడు మళ్ళీ అదే స్థితిలో ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి హోఫ్‌లో చదువుకుంటున్నాడు. సెలవు రోజున వెళ్ళి చూడదగినవి ఏమున్నాయి? (గుంటూరు)

జవాబు: మ్యూజియం, మిగిలిన గోడ, కావలి గోపురం ఒకే చోట ఉంటాయి, ఒక పూట చాలు. నడక ఇష్టమైతే అక్కడి నుంచి తూర్పుగా కొద్ది కిలోమీటర్ల దూరంలో బవేరియా, థురింగియా, సాక్సనీ రాష్ట్రాలు మూడూ కలిసే చోట పాతిన రాయి ఉంది, అదీ చూడవచ్చు. చలికాలమైతే మందపాటి కోటు, తడి పీల్చని బూట్లు తప్పనిసరి. గోడ చూడడం అయిపోయాక తొందరపడి వెనుదిరగవద్దని, వాగు ఒడ్డున గడ్డిలో మోకాలెత్తున నిలిచి ఉన్న పాత హద్దురాయి దగ్గర వంగి, దానికి ఒక పక్క "కె.బి.", మరో పక్క "ఎఫ్.ఆర్." అక్షరాలు వెతికి చూడమని మీ అబ్బాయికి చెప్పండి.