సీఎం అంటే ముఖ్యమంత్రి కాదు చెల్లె

ప్రశ్న: అక్కా నమస్తే. మాది హాలియా. హైదరాబాద్‌ల బీఏ ఎకనామిక్స్ సెకండియర్ చదువుతున్న. ఎక్స్చేంజ్ కింద జనవరి నుంచి ఒక సెమిస్టర్ ఫ్రాన్స్‌ల లియోన్ 2 యూనివర్సిటీకి పోతున్న. ఫ్రెంచ్ ఏ2 లెవెల్ అయింది, దాని పై లెవెల్ బీ1 నడుస్తున్నది. కోర్సుల లిస్ట్ పంపిన్రు, అండ్ల ఎల్2, యూఈ, సీఎం, టీడీ అని ఏందేందో ఉన్నది, సగం సమజైతలేదు. ఫ్రెండ్సేమో అన్నీ ఇంగ్లిష్‌ల ఉన్నయే పెట్టుకో, రిస్క్ ఎందుకు అంటున్నరు. బాపుది ఒకటే మాట, ఫెయిలైతే మాత్రం ఇంటికి ఫోన్ చెయ్యకు అని. పది రోజులల్ల లిస్ట్ ఇయ్యాలె. ఏమేం తీసుకోమంటవ్?
ఒక చెల్లె, హాలియా

జవాబు: చెల్లె, బాపు మాటకు భయపడకు, ఫెయిలైనా పాసైనా ఫోన్ చెయ్యి, నువ్వు రెండ్రోజులు చెయ్యకుంటే నిద్ర పట్టనిది ఆయనకే.

ముందుగాల ఆ అక్షరాల సంగతి చూద్దాం. ఎల్ అంటే లిసాన్స్, మన డిగ్రీ లెక్కనే మూడేండ్లు, ఎల్2 అంటే సెకండియర్. యూఈ అంటే ఒక సబ్జెక్టు కావచ్చు, రెండు మూడు కలిపి కట్టిన కట్ట కావచ్చు, విడిగ తీసుకోనిస్తరా లేదా అడుగు. సీఎం అంటే ముఖ్యమంత్రి కాదు, కూర్ మాజిస్ట్రాల్, పెద్ద హాల్ల సార్ ఒక్కడే చెప్పుకుంట పోతడు, మనం రాసుకోవాలె. టీడీ అంటే చిన్న క్లాసు, లెక్కలు చేపిస్తరు, మాట్లాడిపిస్తరు, హాజరు తీసుకుంటరు.

నేను ఫ్రాన్స్‌కు చదువుకోను పోయినప్పుడు చేసిన తప్పు ఈడనే. సీఎంలైతే ఎన్క కూసొని వినొచ్చు, ఎవ్వరు లేపి అడగరు అని అన్నీ అవే పెట్టుకున్న. మా వనపర్తి కాలేజీల లెక్చరర్ బోర్డు మీద రాసేది, మేం ఎక్కించుకునేది, గంతే కదా అనుకున్న. మొదటి రోజు సార్ వచ్చిండు, కోటు ఇప్పి కుర్చీకి తగిలిచ్చిండు, చాక్‌పీసు ముట్టలే, స్లైడు లేదు, రెండు గంటలు ఆగకుంట చెప్పిండు. పక్క పిల్ల ల్యాప్‌టాప్‌ల టకటక కొడుతున్నది. నా నోట్‌బుక్‌ల చూస్తే ఆ రోజు తారీఖు, కింద నాలుగు సంవత్సరాలు, అవి గూడ తప్పే. ఫ్రాన్స్‌ల తొంభై అనాలంటే నాలుగిరవైల పది అంటరు కదా, నేను నాలుగు రాసి, కొట్టేసి, ఎనభై రాసి, మళ్ల కొట్టేసి తొంభై రాసేలోపట సార్ ఇంకో శతాబ్దంలకు పోయేటోడు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: ఈడ ఆల్రెడీ చదివిన సబ్జెక్టును ఆడ ఫ్రెంచ్‌ల తీసుకో, అస్సలు తెల్వని సబ్జెక్టయితే ఇంగ్లిష్‌ల తీసుకో. భాష కొత్తది, సబ్జెక్టు కొత్తది, రెండు మోతలు ఒకటే నెత్తి మీద వద్దు. నీకు మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ అయిపోయి ఉంటయి కాబట్టి అవి టీడీలున్నయి చూసి పెట్టుకో. డిమాండ్ గీత హాలియాల కిందికే దిగుతది, లియోన్‌ల గూడ కిందికే దిగుతది, బోర్డు మీద బొమ్మ కనపడంగనే ఆఫ్ర్ అంటే సప్లై, ప్రీ అంటే ధర అని మాటలు వాటంతటవే వస్తయి. ఎకార్ టీప్ అంటే స్టాండర్డ్ డీవియేషన్ అని ఎవ్వరు చెప్పకముందే ఫార్ములా చూసి పట్టేస్తవు. లా, ఫిలాసఫీ మాత్రం ఈసారికి వదిలెయ్యి, అండ్ల డిసెర్టాసియోన్ అని పరీక్ష పెడతరు, మూడు నాలుగు గంటలు కూసొని ప్లాన్ ప్రకారం వ్యాసం రాయాలె, బీ1 తోటి అది మస్తు కష్టం.

ఫ్రెండ్స్ చెప్పింది సగం కరెక్టే, ఒకటి రెండు ఇంగ్లిష్ కోర్సులు ఉంటే ఊపిరి ఆడుతది. అన్నీ అవే అయితే మాత్రం పొద్దంత నీ లెక్కనే బయటి దేశాల నుంచి వచ్చినోళ్ల తోటే తిరుగుతవు, పోయిన ఏ2 తోటే ఇంటికొస్తవు. ఎఫ్‌ఎల్‌ఈ అని బయటి పిల్లలకు ఫ్రెంచ్ నేర్పే క్లాసుంటది, అది కండ్లు మూసుకొని తీసుకో. ఆటలకు గూడ క్రెడిట్లు ఇస్తరేమో అడుగు, చానా యూనివర్సిటీలల్ల ఇస్తరు, వాలీబాల్ ఆడుకుంట నేర్చిన ఫ్రెంచ్ నేను ఇప్పటికీ మరువలే.

ఇగ పరీక్షల కాడికొస్తే, కోర్సు పేరు పక్కన కోంత్రోల్ కోంతిన్యూ అని ఉందా చూడు. అంటే మార్కులు సెమిస్టర్ పొడుగునా టెస్టులు, ప్రజెంటేషన్ల మీద పడతయి, ఒకటి పోయినా ఇంకొకదాంట్ల లేస్తవు. చివరికి ఒక్కటే పరీక్ష ఉన్నదాంట్ల తప్పినవనుకో, రత్రపాజ్ అని రెండో ఛాన్స్ ఉంటది కానీ అది మామూలుగ జూన్‌ల, అప్పటికి నువ్వు హాలియాల మామిడిపండ్లు తింటుంటవు.

టైంటేబుల్ ఇంకో తలనొప్పి. లియోన్ 2కు రోన్ నది ఒడ్డున ఒక క్యాంపస్, బ్రోన్‌ల పోర్త్ దెజ్ ఆల్ప్ అని ఇంకొకటి, నడుమ ట్రామెక్కి పోవాలె. చూసుకోకుంట పెట్టుకుంటే పొద్దుగాల నల్గొండల ఒక క్లాసు, పది నిమిషాలకు మిర్యాలగూడల ఇంకో క్లాసు పెట్టుకున్నట్టయితది. రెండు డిపార్ట్‌మెంట్ల క్లాసులు ఒకటే టైంకు పడుడు గూడ మామూలే, అందుకని లిస్ట్‌ల రెండు మూడు ఎక్స్‌ట్రా రాసి పెట్టు, మొదటి వారాలల్ల మార్చుకునుడు ఉంటది.

ఆడ సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్, అంటే యూరప్ లెక్క క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు క్లాసు, ఇంటికాడి చదువు కలిపి 25 నుంచి 30 గంటలు. మీ కాలేజీల క్రెడిట్ల లెక్క వేరే ఉంటది, కాబట్టి ఏ కోర్సు ఈడ దేనికి బదులు, ఎన్ని క్రెడిట్లకు పనికొస్తది అనేది పోకముందే మీ కోఆర్డినేటర్ తోటి కాగితం మీద రాపిచ్చుకో, నోటిమాట నమ్మకు. మార్కుల మార్పిడి గూడ అండ్లనే అడుగు. ఆడ 20కి 10 వస్తే పాస్, 12 అంటే పర్వాలేదు, 14 అంటే బాగున్నట్టు, 16 అంటే చానా బాగా చదివినట్టు. ఈడి ఆఫీసుల 12ను తీసుకపోయి ఐదుతోటి గుణిచ్చి 60 పర్సెంట్ అంటే నీకు నష్టమే. ఆ 12, 14 లెక్క ఇప్పుడే బాపుకు గూడ చెప్పి పెట్టు, లేకుంటే మే నెలల రిజల్ట్ చూసి ఆయనే నీకు ఫోన్ చేస్తడు.